"పాపమని పాతచీర ఇస్తే..." ఈ సామెత ఎవరి పక్షం?

అరసున్న:
గ్రూపులో అందరికీ నమస్కారం. "పాపమని పాతచీర ఇస్తే గోడచాటుకు వెళ్లి మూరేసిందట." సాయం పుచ్చుకుని కూడా వంకలు పెట్టేవాళ్ల మీద వాడే సామెత. నేనూ బోలెడుసార్లు వాడాను.

మొన్న పని పోయిన ఒకాయన కోసం నలుగురం తలా కొంత వేసి ఇచ్చాం. ఆయన తీసుకుని, పక్కకు తిరిగి, నోట్లు లెక్కపెట్టుకున్నాడు. నా పక్కనున్నవాడు నా చెవిలో ఈ సామెత ఊదాడు. ఇద్దరం నవ్వుకున్నాం. లెక్క అయ్యాక ఆయన మా వైపు తిరిగి, "అద్దెకు ఇంకాస్త తక్కువ పడుతుంది. ఫర్వాలేదు, అది నేను చూసుకుంటా" అన్నాడు. అప్పట్నుంచి ఈ సామెత నాకు నోరు తిరగడం లేదు.

ఇంటికొచ్చి మాటమాటా విడదీసి చూశాను. పాపమని అంటే పాపము + అని. ఎదుటివాళ్ల మాటనో, మనసులో అనుకున్నదాన్నో మనకు మోసుకొచ్చేది ఈ "అని". అంటే సామెత మొదలవుతూనే ఇచ్చినవాళ్ల మనసులోకి దూరి, వాళ్ల జాలిని మనకు చూపించేసింది. పుచ్చుకున్నామె దగ్గరికొచ్చేసరికి మనసు ఊసే లేదు, పని ఒక్కటే ఉంది. మూరేసింది. ఎందుకేసిందో చెప్పే "అని" ఆమెకు దక్కలేదు. "చాలుతుందో లేదో అని మూరేసింది" అని ఉంటే ఇది సామెతగా నిలిచేదా?

ఇంకోటి. "ఇస్తే"కి కర్త లేదు. ఇచ్చిందెవరో చెప్పలేదు గనక వినేవాళ్లెవరైనా ఆ ఖాళీలో హాయిగా కూర్చోవచ్చు. మనమంతా అక్కడే కూర్చుని నవ్వుతున్నాం. నాకు అనిపించింది ఇది. పెద్దలు ఏమంటారు?

వట్రుసుడి:
మంచి పట్టు పట్టారు అరసున్న గారూ. చివరి "అట" సంగతి వదిలేశారేం? కళ్లారా చూసినవాడు "మూరేసింది" అంటాడు, చెవిన పడ్డవాడు "మూరేసిందట" అంటాడు. జరిగిందేమో గోడచాటున. చూసిందెవరు మరి? ఇచ్చినావిడే వెనకాల వెళ్లి తొంగి చూసిందా, ఎవరో చూసి మోసిందా? ఎలా చూసినా ఈ సామెతకు పుట్టిల్లు చాడీ.

బండి ఱ:
అంత దూరం లాగకండి. సామెతల్లో "అట" సాక్ష్యం కోసం రాదు, కథ నడపడానికి వస్తుంది. "ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నాడట"లో అట ఉంది. అక్కడ చాడీ ఎవరి మీద, ఎద్దు మీదా?

వట్రుసుడి:
ఒప్పుకున్నా మాస్టారూ. గోడచాటు మాత్రం కథకు అక్కర్లేదు కదా. ఇచ్చినవాళ్ల ఎదుటే మూరేసిందని చెప్పినా సామెత నిలబడుతుంది, ఇంకా గట్టిగా తగులుతుంది కూడా. ఆమెను చాటుకు పంపిందెవరు? ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారేమోనని తనే వెళ్లిందని నాకు తోస్తోంది. వాళ్ల ముందు కొలవకపోవడమే ఆమె చూపిన మర్యాద. సామెత ఆ మర్యాదనే దొంగచాటుతనం చేసి చూపించింది.

తలకట్టు:
నాకు వ్యాకరణం అంతగా రాదు గానీ కొలతలు తెలుసు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా మూర. రెండు జేనలు మూర, నాలుగు మూరలు బార. మూరంటే సుమారు 18 అంగుళాలు. ఇప్పుడొచ్చే 5.5 మీటర్ల చీర దాదాపు 12 మూరలవుతుంది. పాతబడేకొద్దీ కొసలు పీలికలవుతాయి, ఆ పీలికల్ని చించేస్తారు, చీర పొట్టిదవుతుంది. అలాంటిది చేతిలో పడితే ఎవరైనా ముందు చూసేది అది ఒంటికి చాలుతుందా అనే. కొత్తచీర కొనేటప్పుడు మనం పొడవు అడిగితే అమ్మేవాడేమీ నొచ్చుకోడు. కొలవడం అక్కడ జాగ్రత్త, ఇక్కడ కృతఘ్నత.

మూరకు కొలబద్ద అక్కర్లేదన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. సొంత చెయ్యే కొలత. ఏమీ లేనివాళ్లక్కూడా ఉండే కొలత అదొక్కటే.

పొల్లు:
అందరూ కలిసి పాపం సామెతను బోనెక్కించారు. ఇచ్చినదానికి వంకలు వెతికేవాళ్లు లోకంలో లేరా? "పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడిందట" ఊరికే పుట్టిందా? నాకు తగిలారండీ అలాంటివాళ్లు. ఇచ్చి మాటలు పడ్డాను. అపాత్రదానం కూడదని అన్నవాళ్లకు మతి లేకనా?

అరసున్న:
నాకూ తగిలారు పొల్లు గారూ, కాదనను. మీరు చెప్పిన సామెత వేరే సంగతి. పుట్టి అంటే 20 తూములు. అంత ధాన్యం ఇస్తే, కొలిచిన కుంచం చిన్నదని ఎదురుగా నిలబడి పోట్లాడింది. ఆమెను నవ్వండి, నేనూ నవ్వుతా. మన సామెతలో ఇచ్చింది పాతది. పుచ్చుకున్నామె నోరే విప్పలేదు. రెంటినీ ఒక గాటన కట్టేస్తున్నామనేదే నా గోల.

మీరూ "పాపం సామెతను" అన్నారు, గమనించారా? :)

కొమ్ము:
అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. చేయకూడని పనినీ పాపం అంటాం, జాలిపడుతూనూ పాపం అంటాం. ఇదెలా కుదిరింది?

బండి ఱ:
సంస్కృతంలో పాప శబ్దానికి దోషం అనే కాక చెడు, కీడు అనే అర్థాలూ ఉన్నాయి. నాటకాల్లో పాత్రలు "శాంతం పాపం" అంటాయి. కీడు శాంతించుగాక అని దానర్థం. మన జాలి పాపం ఆ కీడు వైపు నుంచి వచ్చిందనుకుంటే తికమక ఉండదు. తమిళంలో పావం, కన్నడంలో పాప, మలయాళంలో పావం, అన్నీ జాలిమాటలే. మలయాళంలో ఇంకో అడుగు ముందుకేసి అమాయకుణ్ని, నిరుపేదను కూడా పావం అంటారు.

ఇక పొల్లు గారి అపాత్రదానం. ఈ మాట వాడేవాళ్లు గీత 17వ అధ్యాయం 22వ శ్లోకంలో మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. "అదేశకాలే యద్దానమపాత్రేభ్యశ్చ దీయతే" (తగని చోట, తగని వేళ, తగనివాళ్లకు ఇచ్చే దానం) అయ్యాక ఇంకో సగం ఉంది. "అసత్కృతమవజ్ఞాతం తత్తామసముదాహృతమ్." మర్యాద లేకుండా, చులకన చేసి ఇచ్చింది కూడా తామస దానమే, అంటే దానాల్లో అట్టడుగు రకమే. అపాత్రుడికివ్వడం, అవమానించి ఇవ్వడం ఒకే శ్లోకంలో పక్కపక్కన కూర్చున్నాయి. మొదటిదాన్ని ఎదుటివాడి మీదికి విసురుతాం, రెండోది మన మీదికొస్తుందని చదవం. పైగా అది ఇచ్చేవాడు తన దానాన్ని తాను తూచుకోవడానికి చెప్పిన మాట. పుచ్చుకునేవాడికి యోగ్యతాపత్రం రాయడానికి కాదు.

గుడిదీర్ఘం:
ఇంత జరిగాక ఒక కందపద్యం గుర్తు చేయకపోతే నాకు నిద్ర పట్టదు. బద్దెనదని చెప్పుకునే సుమతి శతకంలోది, అందరికీ వచ్చిందే.

ఉపకారికి నుపకారము
విపరీతము గాదు సేయ వివరింపంగా
నపకారికి నుపకారము
నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ!

బళ్లో "అపకారికి ఉపకారం చేయాలి" అని తాత్పర్యం రాసి ముగించాం. నన్నడిగితే పద్యం బరువంతా "నెపమెన్నక" మీద ఉంది. నెపం అంటే సాకు, మిష, తప్పు. ఇప్పటికీ "నెపం నా మీదికి నెట్టాడు", "జ్వరం నెపంతో రాలేదు" అంటాం. ఎన్నడమంటే లెక్కించడం, ఎంచడం. ఎన్నికలో, ఎన్నదగినలో, తప్పులెన్నడంలో ఉన్నది ఆ ధాతువే. తమిళంలో ఎణ్ అంటే అంకె, ఎణ్ణు అంటే తలపోయడం కూడా. కాబట్టి నెపమెన్నక అంటే వాడి తప్పులు ఏరి లెక్కవేస్తూ కూర్చోకుండా అని.

కష్టంలో ఉన్నవాడు మన ఎదుట నిలబడగానే మనం చేసేది సరిగ్గా ఆ లెక్కే. ముందే ఎందుకు దాచుకోలేదు? ఆ అప్పు చేయమన్నదెవరు? ఆ వ్యాపారం వద్దని చెప్పానా లేదా? ఇవన్నీ అయ్యాక చెయ్యి జేబులోకి పోతుంది, ఒక్కోసారి పోనే పోదు. పద్యం చెప్పింది అపకారి గురించి. మనకు ఏ అపకారమూ చేయనివాడి విషయంలోనే ఇంత ఎన్నుతుంటే ఇక అపకారి మాట ఎత్తాలా?

పొల్లు:
గుడిదీర్ఘం గారూ, ప్రాస "ప", అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం అదే రావాలి. ఉప, విప, నప వచ్చాక నెప రాక ఏం చేస్తుంది? పాదం మొదటి అక్షరానికి పొత్తు కుదిరే అక్షరం పాదం నడుమ రావడమే యతి, ఆ నెకి యతి కోసం నేర్పరి. కవి ఛందస్సు కోసం వేసిన మాటల్లో మీరు తత్వం వెతుకుతున్నారు.

గుడిదీర్ఘం:
ఈ మాట వస్తుందనే కాచుక్కూర్చున్నా. నేర్పరి ఉన్నచోట నెయ్యుడు పెట్టి చూడండి. "నెపమెన్నక సేయువాడు నెయ్యుడు సుమతీ." నేర్పరి భగణం (ఒక గురువు, రెండు లఘువులు), నెయ్యుడూ భగణమే. నెకి నె, యతి ఇంకా శుభ్రంగా కుదిరింది. నెయ్యుడంటే స్నేహితుడు, అర్థానికీ లోటు లేదు. "నిపుణుడు" అన్నా నలమై (నాలుగు లఘువులు) గణం సరిపోతుంది, నె-ని యతీ చెల్లుతుంది. దారులు ఇన్ని ఉండగా నేర్పరి అన్నాడు.

పంచతంత్రంలో దీనికి దగ్గరి శ్లోకం ఉంది. "ఉపకారిషు యః సాధుః సాధుత్వే తస్య కో గుణః, అపకారిషు యః సాధుః స సాధుః సద్భిరుచ్యతే." మేలు చేసినవాళ్లకు మంచి చేస్తే అందులో గొప్పేముంది, కీడు చేసినవాళ్లకు మంచి చేసేవాడే సాధువు అని. అక్కడ సాధువు. మనవాడు సాధువును పక్కనపెట్టి నేర్పరిని తెచ్చాడు. సాధువు అంటే అలా పుట్టాలేమో అనిపిస్తుంది. నేర్పు నేర్చుకుంటే వచ్చేది. ఈత కొట్టడం లాగా, కుట్టుపని లాగా. మొదట్లో తప్పులొస్తాయి, చేయగా చేయగా చెయ్యి తిరుగుతుంది.

పొల్లు:
నెయ్యుడు బాగుంది. ఈసారికి తగ్గాను. "ఈసారికి" అన్నది గమనించగలరు.

కొమ్ము:
ఎన్ను మాట వచ్చింది గనక ఒకటి. తప్పుల్ని లెక్కపెడతాం, మనిషిని లెక్కచేయం. క్రియ మారితే ఎంత తేడా!

తలకట్టు:
ఒకసారి వరద వచ్చినప్పుడు బట్టలు పంచే చోట రెండు రోజులు పనిచేశాను. వచ్చిన మూటలు విప్పి సర్దడం నా పని. ఏమొచ్చాయో చెప్పలేను. జిప్పు లేని ప్యాంట్లు, ఒంటి కాలి చెప్పు, సిరా మరకల చొక్కాలు. ఇచ్చినవాళ్లంతా "పాపం" అనే ఇచ్చారు, అందులో అనుమానం లేదు.

ఒకామె పిల్లాణ్ని తీసుకొచ్చింది. చొక్కా ఇస్తే, వాణ్ని వెనక్కి తిప్పి, భుజాల మీద పరిచి, కుట్టుకీ కుట్టుకీ సరిచూసింది. చేతులు చాపమని మణికట్టు దాకా లాగి చూసింది. నా పక్కనున్నాయన "ఇచ్చింది పుచ్చుకోక కొలతలు కూడానా" అని గొణిగాడు. ఆమెకు వినపడింది. చొక్కా మడతపెట్టి, మడత మీద చేత్తో ఒకసారి రాసి, బల్ల మీద పెట్టింది. "వీడికి బిగుతవుద్దండీ. ఇంకా చిన్నోళ్లు వస్తారుగా, వాళ్లకిప్పించండి" అంది. ఇంకోటి అడగలేదు. అడగకుండానే వెళ్లిపోయింది.

ఆమెను వెనక్కి పిలవాల్సింది నేను. మూటల్లో వాడికి సరిపడేది ఉండే ఉంటుంది. నేను వెతికేసరికి ఆమె లేదు.

వట్రుసుడి:
అమ్మా, ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఒక మాట మాత్రం అతికిస్తాను. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో దానం ఎలా చేయాలో చెబుతూ "శ్రద్ధయా దేయమ్, అశ్రద్ధయాఽదేయమ్, శ్రియా దేయమ్, హ్రియా దేయమ్" అని వరసగా వస్తాయి. హ్రీ అంటే సిగ్గు. సిగ్గుపడుతూ ఇవ్వమని. సిగ్గు ఎవరికి? ఇచ్చేవాడికి! ఇంతేనా ఇవ్వగలుగుతున్నది అనే సిగ్గు కావచ్చు, ఎదుటివాడికి చెయ్యి చాచే గతి పట్టిందే అనే సిగ్గు కావచ్చు. మన సామెతలో ఆ సిగ్గును పుచ్చుకున్నామె నెత్తిన పెట్టి గోడచాటుకు తోలాం.

బండి ఱ:
సామెతలన్నీ లేనివాళ్లనే కొడతాయనే నిర్ణయానికి వచ్చేయకండి. "ఎంగిలి చేత్తో కాకిని తోలడు" పిసినారికి తగిలేది. "అత్త సొమ్ము అల్లుడు దానం" ఊళ్లోవాళ్ల డబ్బుతో దాత అనిపించుకునేవాడికి. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తినివ్వదు" సంగతి చెప్పక్కర్లేదు. తెలుగువాడి నోరు ఇద్దరికీ సమంగానే అంటించింది. ఈ పాతచీర ఒక్కటే నాకూ ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉంది. వాడకం మానేస్తానని హామీ ఇవ్వలేను, నలభై ఏళ్ల అలవాటు. అనబోయే ముందు ఆగుతానేమో చూడాలి.

అరసున్న:
అందరికీ ధన్యవాదాలు. పాఠాంతరాలు సేకరిద్దామని ఉంది. నేను విన్నది "గోడచాటుకు వెళ్లి". "ఇంటికెళ్లి మూరేసింది" అని కూడా ఒకరు అన్నారు. మీ వైపు ఎలా అంటారో రాయండి. తలకట్టు గారూ, మీ చొక్కా సంగతి మా వాడికి, అదే, నా చెవిలో సామెత ఊదినవాడికి పంపించాను. చదివినట్టు చూపిస్తోంది. జవాబు లేదు.

నకారపొల్లు:
నేను ఈ గ్రూపులో చదవడమే తప్ప రాయను. ఒక్క చిన్న సందేహం. ఇంతకీ ఆ చీర ఎన్ని మూరలొచ్చింది?