క్యాపిటల్, క్యాపిటోల్ ఒకటేనా?

ప్రశ్న: వాషింగ్టన్‌లో అమెరికా చట్టసభ భవనాన్ని మన పత్రికలు ‘క్యాపిటల్’ అని రాస్తున్నాయి. రాజధానికీ అదే మాట వాడతాం. రెండూ ఒకటేనా అండీ?

జవాబు: కాదండీ. ఇంగ్లిష్‌లో పలకడం ఒకేలా ఉంటుంది గానీ స్పెల్లింగ్ వేరు. రాజధాని అర్థంలో వచ్చేది లాటిన్ ‘కాపుత్’ నుంచి పుట్టింది, అంటే తల. భవనం పేరు మాత్రం రోమ్ నగరంలోని కాపిటోలియం కొండది. తెలుగులో దీన్ని ‘క్యాపిటోల్’ అని రాస్తే ఈ తికమక పోతుంది. పత్రికలవాళ్లు ఈ పాటి శ్రద్ధ పెట్టాలి.

ఆ కొండ మీద జూపిటర్, జూనో, మినర్వా ముగ్గురికీ కలిపి పెద్ద గుడి ఉండేది. రాజులను వెళ్లగొట్టి గణతంత్రం పెట్టుకున్న క్రీ.పూ. 509లోనే దాన్ని ప్రతిష్ఠించారని రోమన్లు చెప్పుకునేవారు. ఏటా ఎన్నికయ్యే పాలకులైన కొత్త కాన్సుల్‌లు పదవిలోకి వచ్చిన రోజే కొండెక్కి జూపిటర్‌కు ఎద్దులను బలి ఇచ్చేవారు. ఆ ఏడాది సెనేట్ మొదటి సమావేశం కూడా ఆ గుడిలోనే. యుద్ధం గెలిచి వచ్చిన సేనాని ఊరేగింపు చివరికి చేరేదీ అక్కడికే. దేవుడి ముందు నిలబడకుండా అధికారం మొదలయ్యేది కాదన్నమాట. అమెరికాలో, అప్పటి బ్రిటిష్ వలస రాజ్యమైన వర్జీనియాలో 1699లోనే విలియమ్స్‌బర్గ్ చట్టసభ భవనానికి ఈ పేరు పెట్టారు. వాషింగ్టన్ భవనం ఆ తర్వాతిది.

మరొక సభ్యురాలు: కాపిటోలియం కూడా ‘కాపుత్’ నుంచే వచ్చిందని చదివాను.

జవాబు: రోమన్లే అలా అనుకున్నారమ్మా. గుడి పునాదులు తవ్వుతుంటే మనిషి తల బయటపడిందనీ, ఈ చోటు లోకానికే తల అవుతుందని జోస్యం చెప్పారనీ రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. కథ నాకు చాలా ఇష్టం. కానీ పేరు ముందు ఉండి, దానికి సరిపడా కథ తర్వాత పుట్టిందనిపిస్తుంది. మన ఊళ్ల పేర్లకు స్థలపురాణాలు ఇలా పుట్టినవే ఎన్ని లేవు!

ఇదే కొండ ఇచ్చిన ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. రెండో శిఖరం మీద క్రీ.పూ. 344లో జూనో మొనేటా గుడి కట్టారు. రోమ్ టంకశాల దాని దగ్గరే నడిచింది. మనీ, మింట్ రెండూ ఆ ‘మొనేటా’ నుంచి వచ్చినవే. క్రీ.పూ. 211 ప్రాంతంలో మొదలైన రోమన్ల వెండి నాణెం దెనారియస్. అదే మన దగ్గర దీనారం అయింది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల నాటి ప్రాకృత శాసనంలో ‘దీనారి’ అని కనిపిస్తుంది. ఆసక్తి ఉన్నవాళ్లు ఆ శాసన పాఠం తప్పక చూడండి.