గ్లుక్ ‘ఆర్ఫియస్’ ఒపెరాకు సుఖాంతం తగునా?

చర్చ ప్రారంభం

పాముకాటుకు చనిపోయిన భార్య యూరిడిసీ కోసం గాయకుడు ఆర్ఫియస్ పాతాళానికి వెళ్లి, వెనుదిరిగి చూడకూడదన్న షరతు తప్పి, ఆమెను శాశ్వతంగా పోగొట్టుకోవడమే గ్రీకు కథ. 1762 అక్టోబరు 5న వియన్నాలో తొలిసారి ప్రదర్శించిన స్వరకర్త గ్లుక్ ఒపెరాలో మాత్రం, యూరిడిసీ లేక నేనేం చేయనని అతడు విలపించిన కాసేపటికే ప్రేమదేవుడు వచ్చి ఆమెను బతికిస్తాడు. చక్రవర్తి నామదినోత్సవ (ఆయన పేరు గల పునీతుడి పండుగ) వేడుక కోసం కథను బలిపెట్టారని నా అభిప్రాయం. విలాపంతోనే తెర దించాలి.

జవాబు

మీ బాధ అర్థమైంది కానీ, షరతును మరోసారి చూడండి. ఈ ఒపెరాకు మాటలు రాసిన కాల్జబీజి దానికి ఇంకొక ముడి వేశాడు: చూడకూడదు సరే, ఎందుకు చూడటం లేదో ఆమెకు చెప్పనూ కూడదు. తన ముఖమైనా చూడని భర్తకు తనపై ప్రేమ పోయిందని యూరిడిసీ కుమిలిపోతుంటే, ఆ దుఃఖాన్ని ఓర్వలేక అతడు తిరిగి చూస్తాడు. రోమన్ కవి ఓవిడ్ కావ్యంలో అతణ్ని తిప్పింది ఆమె వెనకబడిందేమోనన్న భయం, చూడాలన్న ఆత్రం. ఇక్కడ తిప్పింది జాలి. జాలిపడినందుకు శిక్షించే దేవుడి కన్నా క్షమించే దేవుడే ఈ కథకు తగినవాడు. 1774లో పారిస్ కోసం తిరగరాసినప్పుడు కూడా గ్లుక్ ఈ ముగింపును వదులుకోలేదు.

మన ఆదిపర్వంలోనూ ప్రమద్వర పాముకాటుకే చనిపోతుంది. రురుడు తన ఆయుష్షులో సగం ధారపోసి ఆమెను బతికించుకుంటాడు. ఆ కథ విని పెరిగిన నాకు, మృత్యువు ప్రేమకు దారి ఇవ్వడం అతకని ముగింపుగా ఎన్నడూ తోచలేదు.

ప్రారంభించినవారి జవాబు

జాలి గురించి మీరు చెప్పింది నిజమే, ఆ తేడాను నేను గమనించలేదు. కానీ రురుడు సగం ఆయుష్షు ఇచ్చాడు. ఇక్కడ ఆర్ఫియస్ చేత ఏమీ ఇప్పించలేదు. పైగా సంగీతమే నా పక్షాన ఉంది. మొదటి అంకంలో సమాధి చుట్టూ బృందం శోకగీతం పాడుతుంటే, ఆర్ఫియస్ నోట మూడుసార్లు భార్య పేరు తప్ప మరో మాట రాదు. రెండో అంకంలో అతడు హార్ప్ మీద వేడుకుంటుంటే ఉగ్రదేవతలు మాటిమాటికీ ‘నో’ అని అరుస్తారు, ఆ అరుపులు క్రమంగా మెత్తబడతాయి. అంతటి స్వరరచన విన్నాక, ప్రేమకు జయమంటూ పాడే చివరి బృందగానం నాకు చెవికెక్కడం లేదు.