అప్‌డేట్: టేకు టేబుల్ ఎందుకు పగిలిందో తెలిసింది

పోయిన ఏడాది మేలో అడిగాను. పాప చదువుకోవడానికి వానాకాలంలో నేనే చేసిన టేకు టేబుల్, ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం టప్పుమని పైపలక పొడవునా చీలిందని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

చివరికి హన్మకొండలో మా వీధి చివర ఉండే వడ్రంగి పెద్దాయనను పిలుచుకొచ్చాను. ఆయన టేబుల్‌ను బోర్లేసి, ఫ్రేముకు నేను బిగించిన స్క్రూలు ఒక్కొక్కటీ వేలితో తడిమి, "ఇట్ల కట్టేస్తే కట్టె యాడికి పోతది బిడ్డా" అన్నారు. చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం వానలకు ఉబ్బి ఎండలకు కుంచించుకుపోతుంది, స్క్రూలు కదలనివ్వకపోయేసరికి చీలిపోయింది. "రంధ్రాలు పొడిగించండి" అని ఇక్కడ ఒకరు చెప్పింది సరిగ్గా ఇదే, నాకే అప్పుడు అర్థం కాలేదు.

చీలిక అంచులు రందాతో సాపు చేసి, జిగురు పెట్టి, క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేశాం. మధ్య స్క్రూలు అలాగే ఉంచి, అంచుల వైపు రంధ్రాలను సన్న ఉలితో పలక వెడల్పు దిశలో, చెక్క కదిలేందుకు వీలుగా సాగదీసి వాషర్లు వేశాం.

టేబుల్ చేసినప్పుడు పలకలు అతికిన జిగురు నాసిరకమేమో అని నేను పడ్డ టెన్షన్ అనవసరం. చీలింది అతుకు దగ్గర కాదు, నిండు చెక్కలో. పాలిష్‌కూ సంబంధం లేదు.

వానలు, చలి, మళ్లీ ఈ మే ఎండలు అన్నీ అయిపోయాయి. పలక చెక్కుచెదరలేదు, పాప రోజూ దాని మీదే రాసుకుంటోంది.