పెరుగు ‘సెట్’ అవుతుందా, తోడుకుంటుందా?

మొన్న ఫోన్లో మా చెల్లి అమ్మతో “ఈ చలికి పెరుగు సెట్ అవ్వట్లేదమ్మా” అంది. అమ్మ ఒక్క క్షణం ఆగి “తోడుకోవట్లేదా?” అంది. “అదేలే, సెట్ అవ్వట్లేదు.” వాళ్లిద్దరికీ విషయం తెగిపోయింది, పక్కన కూర్చుని వింటున్న నాకే తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఇంగ్లిష్‌లో సెట్ చాలా పెద్ద సంసారం ఉన్న మాట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 ముద్రణ దీనికి 430 దాకా అర్థాలు చెప్పింది. ఆ వివరణే దాదాపు 60,000 పదాలు! (తర్వాత ‘రన్’ దీన్ని దాటేసింది. క్రియగానే 645 అర్థాలు తేలాయి.) ఇన్ని అర్థాలకూ మూలం మాత్రం చిన్నదే. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. మనకు తిను–తినిపించు ఉన్నట్టు, వాళ్లకు ఇలాంటి పాత జంటలు కొన్ని మిగిలాయి. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం (మన ‘లే’కి సరిగ్గా తిరగేసి!). దేన్నైనా దాని చోట కూర్చోబెడితే అది సెట్టే: ఉంగరంలో రాయి, గడియారంలో ముల్లు, విరిగిన ఎముక, అచ్చు అక్షరం.

మనం రాయిని పొదుగుతాం, అలారం పెడతాం, ఉచ్చు పన్నుతాం. ఎముకకు కట్టు కడతాం. పుత్తూరు కట్టు ఎంత పేరున్నదో చెప్పక్కర్లేదు. పొద్దు గుంకుతుంది, పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది. ఇన్ని మాటలు పోయి ఒక్క సెట్ మిగులుతుందేమోనని నా బెంగ. మీ ఇళ్లలో ఏమంటున్నారు?

*

బెంగ దేనికండీ? నేను సైటు పనిలో ఉంటాను. మా దగ్గర సిమెంటు సెట్ అవ్వడం వేరు, గట్టిపడటం వేరు. మామూలు సిమెంటు నీళ్లు కలిపాక 30 నిమిషాల లోపు బిగియడం మొదలవకూడదు, 10 గంటల్లోపు బిగిసిపోవాలి. దాన్ని సెట్ అవ్వడం అంటాం. అసలు బలం ఆ తర్వాత రోజుల తరబడి నీళ్లు పెడితే వస్తుంది. మా మేస్త్రి “బిగుసుకుంది సార్” అంటాడు, నేను “సెట్టయింది” అని రాసుకుంటాను. ఇద్దరికీ గొడవ లేదు.

*

పోస్టు బాగుంది గానీ నాదో పేచీ. మనం రోజూ వాడే సెట్‌లో సగం ఇంగ్లిషే కాదు. “ఈ రంగు నీకు సెట్ కాలేదు” అన్న మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో పెట్టి లండన్లో అనండి, ఎవరికీ ఎక్కదు. వాళ్లు అక్కడ ‘సూట్’ అంటారు. “వాళ్లిద్దరికీ సెట్ అవ్వదు”, “సంబంధం సెట్టయింది” కూడా అంతే. “లోపల ఏదో సెట్టింగ్ ఉందట” అని మనం చెవిలో చెప్పుకునేదైతే పూర్తిగా మన సొంత సరుకు.

ఇప్పుడు వీటిలో సెట్ తీసేసి చూడండి. రంగు కుదరలేదు. వాళ్లిద్దరికీ కుదరదు. సంబంధం కుదిరింది. మనం పలుకుతున్నది సెట్ అని, లోపల పనిచేస్తున్నది ‘కుదురు’. పైగా కుదురు అంటే ఏమిటి? కుండ ఒరిగిపోకుండా కింద పెట్టే చుట్ట. మా నాయనమ్మ పాత చీర పేలిక మెలిపెట్టి చుట్టి, దాని మీద నీళ్ల కుండ పెట్టి, రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి వదిలేది. కూర్చోబెట్టడమే కదా అది కూడా! ఇంగ్లిష్ మాట ఇక్కడ ఇంత తేలిగ్గా ఇమిడిపోయిందంటే, దానికి చోటు ముందే ఉంది.

*

పై వ్యాఖ్యకు తోక. సిట్, సెట్, సెటిల్ మాటలకూ సంస్కృతంలోని ‘సద్’ ధాతువుకూ మూలం ఒకటే. సదస్సు, ఉపనిషత్తు, ప్రసాదం ఆ ధాతువు నుంచి వచ్చినవే. కానీ సెట్ దోశలోని సెట్ ఈ ఇంటిది కాదు! జత, వరస అనే అర్థమున్న సెట్ పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. దాని వెనక ఉన్నది వెంబడించడం. సంస్కృతంలో దాని చుట్టం ‘సచ్’, వెంట ఉండు అని. సచివుడు అందులోంచే. అంటే దోశకు సచివాలయంతో చుట్టరికం. తర్వాత ఇంగ్లిష్‌లో రెండూ కలగలిసి, ఇప్పుడు విడదీయలేనట్టు అయ్యాయనుకోండి.

ఎంసెట్, ఐసెట్ ఏ ఇంటివని ఎవరో అడగబోతారు. అవి ఉమ్మడి ప్రవేశ పరీక్షకు పొడి అక్షరాలు, ఏ ఇంటివీ కావు.

*

పోస్టు పెట్టినదాన్ని నేనే. ‘కుదురు’ మాటకు లొంగిపోయాను. రంగు, సంబంధం మీకే వదిలేస్తున్నాను. పెరుగు మాత్రం ఇవ్వను. పెరుగు ‘కుదిరింది’ అని ఎవరూ అనరు కాబట్టి, అక్కడి సెట్ మన కుదురులోంచి వచ్చింది కాదు, వంట వీడియోల్లోంచి నేరుగా దిగిందే.

అమ్మ చెప్పినట్టు చెల్లి పాలు గోరువెచ్చగా ఉండగానే తోడేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టిందట. పొద్దున్నే మెసేజ్ వచ్చింది: “సెట్టయింది.”