‘జై మా తారిణి’లో ‘మా’ ఎవరిది?

ఇచ్ఛాపురం నుంచి ప్రశ్న:
హైవే మీద ఒడిశా లారీల నుదుట ‘జై మా తారిణి’ అని ఉంటుంది. విజయనగరంలోనేమో ‘మా పైడితల్లి’ అంటారు. రెండు ‘మా’లూ ఒకటేనా మాస్టారూ?

జవాబు:
కావు. లారీ మీది ఒడియా ‘మా’, అంటే అమ్మ; తారిణి అక్కడి అమ్మవారు. హిందీలో అదే మాటని చంద్రబిందువు పెట్టి ముక్కుతో పలుకుతారు. ఒడియాలో ఆ ముక్కుపలుకు లేదు, అందుకే అచ్చం మన ‘మా’లాగే వినిపిస్తుంది. పైడితల్లి ముందున్నది ‘మేము’కి షష్ఠీ విభక్తి, అంటే ‘మాకు చెందిన’ అని.

తేలిక పరీక్ష ఒకటుంది: ‘మా’ తీసి ‘మన’ పెట్టండి. ‘మన పైడితల్లి’ నిలబడుతుంది, వినేవాణ్ణి కూడా కలుపుకుంటుంది, అంతే తేడా. ‘జై మన తారిణి’ అన్నామంటే అసలు మాటలోని అమ్మ మాయమైపోతుంది. రాయగడలో ‘మా మాఝిఘరియాణి’ని ఇటు మనం మజ్జిగౌరమ్మ అంటాం. బోర్డుని తెలుగులోకి దించేటప్పుడు ‘మా మజ్జిగౌరి’ అని రాస్తే గుడి మీద హక్కు చెప్పినట్టుంటుంది. ‘మజ్జిగౌరి తల్లి’ అనాలి. తెలుగులో ‘తల్లి’ అన్నమాట పేరు తరవాతే వస్తుంది.

ఇంకొకరు:
పరీక్ష బాగుందిగానీ, ‘మా బాగుంది’ దగ్గర పనిచెయ్యదు. అది ‘మహా’ కుదించుకుపోయిన ‘మా’.

అసలు పేచీ సంస్కృతంతో. అక్కడ ‘మా’ అంటే వద్దు. దాని పక్కన లుఙ్ (ఒక రకం భూతకాల క్రియారూపం) వస్తే క్రియ ముందుండే అకారం పోవాలని పాణిని సూత్రం (6.4.74). గీత 18.66లో ‘మా శుచః’ చూడండి, ‘అశుచః’ కాదు. మరి రామాయణంలో క్రౌంచపక్షిని కొట్టిన వేటగాణ్ణి వాల్మీకి శపించిన ‘మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః’లో అకారం ఎందుకు మిగిలింది? ఆర్ష ప్రయోగమని, అంటే ఋషుల వాడుక కాబట్టి వ్యాకరణానికి లొంగదని, సరిపెట్టేవాళ్ళున్నారు. కొందరు వ్యాఖ్యాతలు ‘మా’ని లక్ష్మిని చేసి, ‘మానిషాద’ అంటే లక్ష్మికి నెలవైనవాడా అని విష్ణువుకి అన్వయించారు. మాధవుడిలో ఉన్నదీ ఆ లక్ష్మే: మా, ధవుడు (భర్త). దాంతో వ్యాకరణం చక్కబడింది, శాపం కాస్తా మంగళమైపోయింది. తెలివైన అన్వయమే, ఒప్పుకోవాలి. కానీ క్రౌంచపక్షి నెత్తురోడుతూ పడివుంటే ఎదుట మంగళం పాడటం కథకి అతకదు.

మరొకరు:
సంధిలో దాక్కుంటే ఇంకా ప్రమాదం. సాతవాహన రాజు కథ తెలిసిందే. జలక్రీడలో రాణి ‘మోదకైః’ అంది: మా, ఉదకైః, గుణసంధి. నీళ్ళతో కొట్టొద్దని ఆవిడ మొర. రాజుకి మోదకాలు వినిపించాయి, తెప్పించాడు!

ఇచ్ఛాపురం:
చైనీసులో కూడా ‘మా’ అంటే అమ్మేనట కదా? ఒడియాతో చుట్టరికమా?

జవాబు:
చుట్టరికం లేదు. పెదాలు కలిపి విప్పితే వచ్చే శబ్దం అది, పసిపిల్లలకి ముందుగా పలికేవాటిలో ఒకటి. అందుకే సంబంధం లేని భాషల్లోనూ అమ్మకే తగులుకుంది. పైగా చైనీసులో ఎత్తుగా, సమంగా పలికితేనే అమ్మ. కిందికి దించి పైకి లాగితే గుర్రం, పైనుంచి ఒక్కసారి దించేస్తే తిట్టడం. మన లిపిలో రాస్తే మూడూ ‘మా’యే.