అప్‌డేట్: దోమతెర లోపలి గుమ్మడికి పిందె నిలిచింది

దోమతెర బిగించిన బాల్కనీలో గుమ్మడి పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయని, ఇది ఎరువు లోపమా అని ఇదివరకు అడిగాను. తేనెటీగలు లోపలికి రాలేకపోవడమే కారణమని, చేతితో పరాగ సంపర్కం చేయమని చెప్పినవారికి ధన్యవాదాలు. గుమ్మడి పూలు తెల్లవారుతుండగా విచ్చుకొని మధ్యాహ్నంలోపే ముడుచుకుంటాయి గనుక, ఉదయాన్నే సన్నని కాడ గల మగపువ్వును కోసి, రేకులు తీసివేసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు కీలాగ్రమంతటా (పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే భాగం) పుప్పొడి అంటేలా మెల్లగా రాశాను. కొందరు సూచించిన కుంచె కంటే ఇదే నయమనిపించింది. జిగటగా ఉండే పుప్పొడి చాలావరకు కుంచె వెంట్రుకలకే అంటుకుపోతోంది. ఇప్పుడు పిందెలు నిలిచి లావెక్కుతున్నాయి. ఆడపువ్వు విచ్చిన రోజున మగపువ్వు దొరకకపోవడం మాత్రం ఇంకా ఇబ్బందిగానే ఉన్నందున, పక్కనే మరో మొక్కను పెంచుతున్నాను.