ఎంబీబీఎస్ చేసి ఫుడ్ సేఫ్టీ వైపు వెళ్లడం తెలివితక్కువ పనా?

పీహెచ్‌సీ డాక్టరమ్మ:
ఎంబీబీఎస్ అయి మూడేళ్లు. ఇప్పుడు ఒక పీహెచ్‌సీలో కాంట్రాక్టు మీద చేస్తున్నాను. పీజీ ఎంట్రన్స్ రెండుసార్లు రాశాను. వచ్చిన సీటు నచ్చలేదు, నచ్చిన సీటు రాలేదు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అర్హతల్లో ఫుడ్ టెక్నాలజీ, మైక్రోబయాలజీ లాంటి వాటితో పాటు మెడిసిన్ డిగ్రీ కూడా ఉందని ఈమధ్యే తెలిసింది. ఇంట్లో చెబితే నాన్న "స్టెత్ పక్కన పడేసి హోటల్ వంటిళ్లలో బొద్దింకలు లెక్కపెడతావా" అన్నారు. డాక్టరుగా ఉండి ఇటు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చదివిన చదువు అక్కడ పనికొస్తుందా?

లక్కసీలు (రిటైర్డ్):
మీ నాన్నగారి మాటలో అబద్ధం లేదమ్మా, బొద్దింకల్ని చాలానే చూశాను.

నేను 1986లో సర్వీసులో చేరాను. కొన్నాళ్లకి గోదావరి జిల్లాల్లో ఒక మున్సిపాలిటీకి హెల్త్ ఆఫీసరుగా వేశారు. అప్పుడు నడిచేది 1954 నాటి కల్తీ నిరోధక చట్టం. డాక్టరైతే చాలు, నెల రోజుల ట్రైనింగ్‌తో ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అధికారాలు కూడా ఇచ్చేవారు.

నా మొదటి శాంపిల్ పాలు. తెల్లవారుజామున ఐదింటికి రేవు దగ్గర ఒక సైకిల్ ఆపాం. చూస్తేనే తెలిసిపోతోంది, పాలకంటే నీళ్లే ఎక్కువ. మూడు సీసాల్లో పోసి, శాంపిల్ చెడిపోకుండా ఔన్సుకి రెండు చుక్కల చొప్పున ఫార్మలిన్ వేసి, లక్క కరిగించి సీళ్లు వేశాం. వేలు కాలింది కూడా. ల్యాబ్ వాళ్లు కల్తీ అనే రిపోర్టు ఇచ్చారు. ఇంకేముంది అనుకున్నాను.

ఆరేళ్ల తర్వాత కోర్టులో సాక్ష్యానికి పిలిచారు. అప్పటికి నేను మూడు ఊళ్లు మారాను. డిఫెన్స్ లాయరు ఒకటే ప్రశ్న వేశాడు: "క్యాన్‌లో పాలు కలియబెట్టాకే శాంపిల్ తీశారా?" తీశాం, గరిటెతో బాగా తిప్పాం. "మరి పంచనామాలో ఏదండీ ఆ మాట?" లేదు. రాయలేదు. వెన్న పైకి తేలుతుంది కాబట్టి కలపకుండా తీసిన శాంపిల్‌ని నమ్మలేమన్నారు, కేసు కొట్టేశారు. బయట వరండాలో ఆ పాలాయన నమస్కారం పెట్టి "కాఫీ తాగుదాం రండి డాక్టరు గారూ" అన్నాడు. తాగాను. అందులో పాలు ఎవరివో అడగలేదు.

వార్డులో రోగం పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ పట్టుకోవడం తేలిక, పట్టుకున్నామని కాగితం మీద నిలబెట్టడమే ఉద్యోగం. మొదట్లో నాకు ఇది చాలా చిన్నతనంగా అనిపించింది. తర్వాత తర్వాత అందులోనే పడిపోయాను.

2011 ఆగస్టు 5 నుంచి కొత్త చట్టం, ఇప్పటి ఫుడ్ సేఫ్టీ చట్టం, అమల్లోకి వచ్చింది. పాత చట్టం కింద లోకల్ హెల్త్ అథారిటీగా, అంటే ఆ ప్రాంతంలో ఆహార తనిఖీల బాధ్యత చూసే అధికారులుగా, ఉన్నవాళ్లని డెసిగ్నేటెడ్ ఆఫీసర్లుగా, అంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ల పై అధికారులుగా, పెట్టుకోవచ్చన్నారు. నేను అలా మారాను. శాంపిల్ మూడు భాగాలు కాస్తా నాలుగయింది, ఎనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, నాసిరకం సరుకు కేసులు కోర్టు బదులు జాయింట్ కలెక్టర్ దగ్గరికి పోతాయి. దానికి జరిమానా 5 లక్షల దాకా ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చే సరుకైతే ఇప్పటికీ కోర్టే.

ఇక చదువు పనికొస్తుందా అన్నావు. ఒక హాస్టల్ సంగతి చెబుతాను. టిఫిన్ తిన్న రెండు మూడు గంటలకే పిల్లలందరికీ వాంతులు. జ్వరాలు లేవు. మా కుర్ర ఆఫీసరు సాంబారు, నీళ్ల ట్యాంకు శాంపిళ్లు తీయడం మొదలుపెట్టాడు. నేను ఆసుపత్రికి పోయి పడక పడకకీ తిరిగి ఎవరు ఏం తిన్నారో, ఎన్నింటికి వాంతి అయిందో రాసుకున్నాను. అంత తొందరగా వచ్చిందంటే లోపలికెళ్లాక పెరిగిన క్రిమి కాదు, ముందే తయారై ఉన్న విషం. పులిహోర ముట్టని పిల్లలు నిక్షేపంగా ఉన్నారు. చింతపండు పులుపుకి పులిహోర పాడవదని మనందరి నమ్మకం. కానీ అన్నం ముందురోజు రాత్రి వండి, గుండిగలో మూతపెట్టి ఉంచి, పొద్దున పులుసు కలిపారు. ఆ అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా రాత్రే విషం చేసి పెట్టింది. దాన్ని పులుపూ ఏమీ చెయ్యలేదు, పోపు వేడీ ఏమీ చెయ్యలేదు.

అని నా నమ్మకం. ఎందుకంటే మేం వెళ్లేసరికి గుండిగ కడిగి బోర్లించారు. శాంపిల్ లేదు. లోపాలు సరిదిద్దుకోమని ఇంప్రూవ్‌మెంట్ నోటీసు ఇచ్చి వచ్చాను, అంతే చేయగలిగాను.

న్యూజెర్సీ వెంకట్:
మీ ఫార్మలిన్ చుక్కల మాట చదివి హార్వే వైలీ గుర్తొచ్చారు సార్. ఆయనా 1871లో ఎండీ పట్టా పుచ్చుకున్న మనిషే, తర్వాత కెమిస్ట్రీలోకి వెళ్లి అమెరికా వ్యవసాయ శాఖలో చీఫ్ కెమిస్ట్ అయ్యారు. ఆ రోజుల్లో ఇక్కడ పాలు విరగకుండా వ్యాపారులే ఫార్మలిన్ కలిపేవాళ్లట. 1902లో కాంగ్రెస్ 5,000 డాలర్లు ఇస్తే, ఆయన పన్నెండు మంది కుర్రాళ్లని ఆఫీసు కింది అంతస్తులో కూర్చోబెట్టి భోజనంతో పాటు మొదట బోరాక్స్, తర్వాత ఒక్కొక్క ప్రిజర్వేటివ్ తినిపించి చూశారు. పత్రికలు వాళ్లకి 'పాయిజన్ స్క్వాడ్' అని పేరు పెట్టాయి. ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. 1906లో అక్కడ ఆహార కల్తీ మీద చట్టం వచ్చింది. 1912లో పైవాళ్లతో పడక రాజీనామా చేశారు.

హోటలాయన:
మావైపు మాట కూడా వినండి. ఇరవై ఏళ్లలో నా హోటల్‌కి వచ్చినవాళ్లలో ఎక్కువమంది లైసెన్సు గోడకి ఉందా, కుర్రాళ్లు టోపీలు పెట్టుకున్నారా అని చూసి పోయారు. నూనెలో టీపీసీ (టోటల్ పోలార్ కాంపౌండ్స్, నూనె మళ్లీ మళ్లీ కాచేకొద్దీ పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటకూడదని 2018 నుంచి రూలుంది కదా, మీటరు పట్టుకొచ్చి బాణలిలో పెట్టి చూసింది ఒక్కరే. ఆ రోజు నాకే భయమేసింది. 22 వచ్చింది, బతికిపోయాను.

లక్కసీలు (రిటైర్డ్):
@హోటలాయన, నిజమే. మీటరు ఖరీదు, టోపీ చౌక. ఆ 22 నూనె మర్నాడు కూడా వాడారా అని మాత్రం అడగను.

@వెంకట్, బాగుంది బాబూ. మాకు ఆ పైవాళ్ల గొడవ 1912 దాకా ఆగలేదు, మొదటి నెలలోనే ఫోను వచ్చింది.

పీహెచ్‌సీ డాక్టరమ్మ:
థాంక్స్ సర్. పోయిన నెల మా పీహెచ్‌సీకి ఒక పెళ్లి నుంచి పదకొండు మంది వాంతులతో వచ్చారు. ఓఆర్‌ఎస్, ఇంజెక్షన్ ఇచ్చి పంపేశాను. ఎన్నింటికి తిన్నారని అడగనే లేదు.

లక్కసీలు (రిటైర్డ్):
ఆ ఓపీ రిజిస్టరు ఉంటుందిగా. రేపు పొద్దున తీసి చూడు. వచ్చిన టైము రాసి ఉంటే, ఆ ఊరి ఏఎన్ఎమ్‌ని తోడు తీసుకెళ్లి పెళ్లివారిని వడ్డన ఎప్పుడు మొదలైందో అడుగు. ఎవరి మీదా కేసు పెట్టడానికి కాదు. ఇది నీకు నచ్చే పనో కాదో ఆ ఒక్క మధ్యాహ్నంలో నీకే తెలుస్తుంది. నాన్నగారితో తర్వాత మాట్లాడొచ్చు.